పాట వెనక రొద ఓర్వని మా వదిన

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున పక్కింటి వాళ్ల ఫోనుకు ఆర్మూర్ నుంచి మా అన్న ఫోను చేశాడు. "మీ వదిన పోయిందే" అన్నాడు. "ఛాతిల నొప్పన్నది. దవాఖానకు తీస్కపోతుంటే తొవ్వలనే..." నిజామాబాద్‌లో బస్సెక్కాక సీటు ఖాళీగానే ఉన్నా నాకు కూర్చోబుద్ధి కాలేదు. కర్మలు ముగిసి తిరిగొచ్చాను. ఇప్పటికీ ఇంట్లో ఒకచోట నిలవలేకపోతున్నాను. అందుకే ఈ నాలుగు మాటలు.

వదినది సిరికొండ. వాళ్ల నాన్నకు అక్కడ కిరాణా దుకాణం. నిజామాబాద్‌లో మేనమామ ఇంట్లో ఉండి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతుంటే, చివరి ఏడాది మిగిలి ఉండగానే మా అన్నతో పెళ్లి చేశారు. మాది పసుపు కమీషన్ దుకాణం. వంట, వచ్చిన రైతులకు చాయ్, పిల్లలు. అన్నీ చేసేది, కానీ కుదురుగా కూర్చోవడం ఎరుగదు. అన్నం తింటూ తింటూ లేచిపోయేది. ఏది బాగుందన్నా ఆమె అనే మాట ఒక్కటే: "మంచిగనే ఉంది గానీ, జర చూడాలె."

ఎనభైల మధ్యలో ఒక సీజన్ బాగా సాగినప్పుడు అన్న హైదరాబాద్ నుంచి ఆంప్లిఫయర్, క్యాసెట్ డెక్, రెండు పెద్ద స్పీకర్లు తెచ్చాడు. షాపులో గంటలా మోగిన సెట్టు మా ఇంట్లో గుయ్‌మంది. పాట వెనక ఎప్పుడూ ఆ రొదే. పొలాల్లో మోటర్లు నడిచే పూట వోల్టేజీ పడిపోతే మరీ ఎక్కువ.

"మన దిక్కు కరెంటు గట్లనే ఉంటది, ఇడిసిపెట్టు" అన్నాడు అన్న.

వదిన విడిచిపెట్టలేదు. చీర కొంగు నడుముకు చెక్కి, స్పీకర్‌కు చెవి ఆనించి వినేది. గదిలోకి పోయేది, మళ్లీ వచ్చేది. "దానికి ఆకలైతుంది" అంది ఒకరోజు నాతో. "లోపల ట్రాన్స్‌ఫార్మర్ చిన్నది. పాట పెద్దగైతే తిండి సరిపోతలేదు. నల్లా ఆగినా బిందెల నీళ్లుంటే వంట ఆగుతదా? గట్ల కరెంటు నిలవుండేటి కెపాసిటర్లు పెద్దయి పెట్టాలె."

నిజామాబాద్ నుంచి ఒక కెపాసిటర్ తెప్పించి తనే బిగించింది. రెండు రోజులు రొద తగ్గింది. మూడో సాయంత్రం మోటర్లన్నీ ఆగి వోల్టేజీ ఒక్కసారిగా ఎగబాకింది. లోపల టపాసు పేలినట్టయింది. గది నిండా పొగ. మా అమ్మ కేక పెట్టి అక్కడే కూలబడింది. ఆమె తమ్ముడు చాలా ఏళ్ల కిందట బావి మోటరు దగ్గర షాక్ కొట్టి చనిపోయాడు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరం ఎత్తేవాళ్లం కాదు.

"ఆ పెట్టె నా కండ్ల ముంగట ఉండొద్దు" అంది అమ్మ. అన్న సెట్టును గోదాములో పసుపు బస్తాల మీదికి చేర్చాడు.

ఆ వారమంతా వదిన ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఒక మధ్యాహ్నం సెట్టును తనే మోసుకొచ్చి అమ్మ ముందు పెట్టింది.

"అత్తమ్మా, పోయినసారి తప్పు నాదే. పెరిగిన వోల్టేజీని తట్టుకునేటిది పెట్టాల్సింది. ఈసారి నువ్వు నా పక్కన కూసో."

"నేను కూసుంటే కరెంటు ఊకుంటదా?"

పాత కెపాసిటర్ మళ్లీ బిగించిన ఆ సెట్టుకు వదిన ఒక్క క్షణం కరెంటు ఇచ్చి, ప్లగ్గు పీకి అమ్మ చేతిలో పెట్టింది. ఒక చిన్న బల్బుకు రెండు వైర్లు కట్టి కెపాసిటర్‌కు తాకించింది. ప్లగ్గు అమ్మ చేతిలో ఉండగానే బల్బు భగ్గున వెలిగి, మెల్లగా ఆరింది.

"చూసినవా, లోపల కరెంటు ఇంకా ఇంత మిగిలుండె. గిది ఆరినంకనే చెయ్యి పెడుత. ప్లగ్గు నీ చేతిల ఉన్నన్ని రోజులు నాకేం గాదు."

అమ్మ ప్లగ్గు మీద పిడికిలి బిగించింది. ఆ నాటి నుంచి పని సాగినన్ని మధ్యాహ్నాలూ పీట వేసుకుని, ఆ ప్లగ్గు పట్టుకుని వదిన పక్కనే కూర్చుంది. కూర్చుని కూర్చుని, ఏళ్ల తరబడి నోరు విప్పని మనిషి, తమ్ముడి గురించి చెప్పడం మొదలుపెట్టింది. వాడికి మామిడి ఒరుగులంటే ఎంత ఇష్టమో, ఎట్లా ఈల వేసేవాడో. వదిన వైర్లు అతుకుతూ "ఊ" కొట్టేది.

పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించి, దాన్ని వేరే ఇనుప డబ్బాలో ఆంప్లిఫయర్‌కు దూరంగా పెట్టింది. లావు వైర్లు, పెద్ద కెపాసిటర్లు వేసింది. అంతా అయ్యాక స్విచ్ వేస్తే చప్పుడే లేదు.

"కరెంటు పోయిందా ఏంది?" అన్నాడు అన్న.

అంతలో పాట మొదలైంది. అమ్మ తల పక్కకు వంచి వింది. "గామె పాడేముందు ఊపిరి తీసుకుంటుంది, ఇనవడ్డదా?" అంది. ఆ ఊపిరి మేమంతా అదే మొదటిసారి వినడం.

మా కళ్లన్నీ వదిన మీదికి మళ్లాయి. ఆమె అప్పటికే లేచి నిలబడింది. "మంచిగనే ఉంది గానీ..."

ఆగిన చదువు పూర్తి చేస్తానని ఆమె చాలాసార్లు అడిగింది. ఈ సీజన్ దాటనీ అనేవాడు అన్న. ఒక సీజన్ వెనక ఇంకొకటి వచ్చింది. నాకు సంబంధాలు చూస్తున్నప్పుడు మాత్రం ఆమె అడ్డంగా నిలబడింది. "దాని బీఎడ్ అయిపోనియ్యి. నడిమిట్ల ఆపితే ఎట్లుంటదో నన్నడుగు" అని అన్నతో కొట్లాడింది. ఇవాళ నేను బడిలో పాఠం చెప్పి బతుకుతున్నానంటే ఆ కొట్లాట వల్లే.

నేను ఆమెను చివరిసారి చూసింది దసరా సెలవులు అయిపోయి తిరిగొచ్చేటప్పుడు. ఆర్మూర్ పక్కనున్న పెర్కిట్ దాకా ఆటోలో వచ్చి నన్ను బస్సెక్కించింది. కిటికీలోంచి చెయ్యి ఊపాను. తనూ ఊపింది. కానీ కళ్లు నా మీద లేవు. గాలికి రోడ్డు పక్క కరెంటు తీగలు ఒకదానికొకటి తగులుతున్నాయి. తల పైకెత్తి వాటినే చూస్తూ, ఒక చెయ్యి ఊపుతూనే, వదిన ఆ స్తంభం వైపు నడిచిపోతోంది.