పికప్ వెనక కూర్చునేవాళ్ళకి పాలసీ లేదు

"పాలసీ పెద్దదే కొట్టు, ఎన్ని పైసలైనా సరే," అన్నాడు మా ఆయన కౌంటర్ మీద మోచేతులు ఆనించి. నేనేమో టైప్‌రైటర్‌లో ఫారం ఎక్కించి, ఎంతకని కొట్టాలో తేలక ఆగిపోయాను.

ఎనభైల మొదట్లో, ఒక గురువారం సాయంత్రం. దుబాయ్ కరామాలో ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు ఆఫీసులో కౌంటర్ క్లర్కుని నేను. పదో తరగతి, కొంచెం టైపింగు, అంతే నా చదువు. ఆ ఉద్యోగం మానేసి ఏళ్ళు గడిచినా అన్నీ ఇంకా గుర్తున్నాయి.

బండి రిజిస్ట్రేషన్ కార్డుని అక్కడ ముల్కియా అంటారు. పాలసీ లేకపోతే అది రెన్యూ కాదు. మన బండి తగిలి రోడ్డు మీద ఎదుటివాళ్ళకి నష్టం జరిగితే కంపెనీ కట్టే పాలసీ అందరికీ తప్పనిసరి. ఎంతదాకా కట్టాలన్న పరిమితి మాత్రం మనిష్టం, పెంచుకుంటే ప్రీమియం కూడా పెరుగుతుంది. తప్పు డ్రైవరుదై మనిషి పోతే, వాళ్ళ ఇంటివాళ్ళకి దియా, అంటే ప్రాణానికి పరిహారం, కట్టాలి. కట్టేదాకా డ్రైవరు లోపలే. అందుకని వచ్చినవాళ్ళంతా పరిమితి గురించే అడిగేవాళ్ళు. చెప్పీ చెప్పీ సాయంత్రానికి నా నోరు ఎండిపోయేది.

మా ఆయనకి ఒక పికప్ ఉండేది, కాగితాల్లో మాత్రం కఫీల్, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, పేరు మీద. వారమంతా కూరగాయలు తోలేవాడు. శుక్రవారం సెలవునాడు జెబెల్ అలీలోని కూలీల క్యాంపుకి వెళ్ళి, మా నిజామాబాద్ వైపువాళ్ళని వెనక ఎక్కించుకుని కరామాకి తెచ్చేవాడు. బండి ఉండి ఊరివాడిని ఎక్కించుకోకపోతే ఆ మాట ఊరంతా పాకుతుంది. పరిమితి పెద్దదైతే వెనకవాళ్ళంతా అందులో వచ్చేస్తారని ఆయన లెక్క. కౌంటర్ దగ్గరికి వచ్చే మనవాళ్ళలో చాలామందిదీ అదే నమ్మకం.

"అట్ల రారయ్యా," అన్నాను. "ముందు సీట్లకైతే విడిగా రాస్తరు. వెనక సామాన్ల జాగ. ఎంత పెద్ద పాలసీ ఉన్నా ఆడ కూసున్నోళ్ళకు పైసా రాదు."

"మరి గింత పెద్దది ఎవరికి?"

"బయటోళ్ళకు."

"బయటోళ్ళకు ఉంటది గని మనోళ్ళకు ఉండదా? ఇదేం కంపెనీనే!"

క్యాంపు నుంచి ఆ రోజు ఆయన వెంట వచ్చిన గంగారాం, నాకు వరసకు మరిది, పకపకా నవ్వాడు. "వదినె, మేం సామాన్లమే అని రాయరాదు? ఉల్లిగడ్డ బస్తాలు ఆరు."

"బస్తా పోతే దియా కట్టే పని లేదు గంగారాం. నువ్వు పోతే మీ అమ్మకు ఎవరు కట్టాలె? మీ అన్నే. కట్టేదాక ఆయన జైల్ల. ఆయన వీసా మీదున్న నేను యాడికి పోవాలె?"

గంగారాం నవ్వు ఆగింది. "అన్నా, మేం రేపు రాం తీ," అన్నాడు.

"ఊకోరా! నా చెయ్యి గట్టిది. ఇన్నేండ్లల్ల బండి మీద గీత పడ్డదా?"

లోపల్నుంచి మా ముదీర్, ఆఫీసు పెద్ద, ఇక ఖలాస్, తలుపులు వేసే టైమైందని హిందీలో కేకేశాడు. క్లర్కు పని పాలసీలో ఏముందో చెప్పి సంతకం తీసుకోవడం వరకే, సలహా ఇవ్వకూడదన్నది ఆయన రూలు. మొగుడికి కూడా ఇవ్వకూడదో ఏమో అడగలేదు. వెనకవాళ్ళకి పనికిరానప్పుడు పెద్దది దండగని, మధ్యరకం పరిమితి, ముందు సీట్లకి కవరు కొట్టి ఇచ్చాను. మా ఆయన చదవకుండానే సంతకం పెట్టాడు.

ఆ కౌంటర్ దగ్గర నేను నేర్చుకున్నది ఇంతే. ఎంతకి పాలసీ తీసుకోవాలన్నది తర్వాతి ప్రశ్న. బండిలో ఎవరిని ఎక్కడ కూర్చోబెడుతున్నామన్నది ముందు ప్రశ్న. ముందుదాన్ని వదిలేస్తే, రెండోదానికి ఎంత పెద్ద అంకె కొట్టినా వృథా.

మర్నాడు పొద్దున క్యాంపుకి నేను కూడా వెళ్ళాను. మనవాళ్ళు ఎప్పటిలాగే వెనక ఎక్కేశారు. గంగారాం ఒక్కడే ఎక్కాలా వద్దా అని నిలబడ్డాడు. నేను దిగి, నా ముందు సీట్లో అతన్ని కూర్చోబెట్టి, వెనకకి వెళ్ళి వాళ్ళ మధ్య చతికిలబడ్డాను.

"యల్లా, నడుపు," అన్నాను.

ఇంజిన్ స్టార్టయింది గానీ బండి కదల్లేదు. ఆయన అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. చివరికి ఆయనే ఇంజిన్ ఆపేశాడు. నేనే ముందుగా దిగి, వీళ్ళందరికీ షేరింగ్ టాక్సీలు దొరుకుతాయేమో చూడ్డానికి రోడ్డు మీదికి నడిచాను.