తెల్ల పూల కోసం దోహా దాకా

రాతలో తప్పులుంటే మన్నించండి. ఏడో తరగతితో చదువు ఆపేశాను, ఇదంతా ఫోన్‌లోనే రాస్తున్నాను. ఖతార్‌లోని అల్ వక్రాలో ఇరుగుపొరుగు వాళ్ల చీరల మీద పూలు వేస్తుంటాను. ఈసారి ఇక్కడి తెలుగువాళ్ల ప్రదర్శనకు కాగితం మీద మల్లెలు వేసిస్తానని మాటిచ్చాను. శుక్రవారం ఇవ్వాలి. ఆకుల పచ్చ మీద తెల్ల రంగు వేస్తే ఆరేసరికి బూడిదలా తేలుతోంది. నాలుగు కాగితాలు పాడయ్యాయి. దోహాలో ఒక మ్యూజియంలో నూట యాభై ఏళ్ల కిందటి జర్మనీ చిత్రకారిణి పూల బొమ్మలు పెట్టారని పక్కింటావిడ చెప్పింది. ఎప్పుడూ ఒంటరిగా ఎక్కడికీ వెళ్లలేదని నేనంటే మా ఆయన, "నాకు డ్యూటీ ఉంది, నువ్వే పో. తప్పిపోతే ఫోన్ చెయ్" అన్నారు.

బుధవారం తొమ్మిదింటికి బస్సెక్కాను, నాలుగు రియాళ్లు. దారి పొడవునా క్రేన్లు, తవ్విన రోడ్లు. గంటన్నర పట్టింది. బస్టాండు నుంచి టాక్సీకి పది రియాళ్లు. డ్రైవరుది జగిత్యాల. "ఈడికి బంగారం చూస్తందుకు వస్తరు గని అక్కా, పూల బొమ్మలకు వచ్చినోళ్లను నిన్నే చూస్తున్న" అన్నాడు.

లోపలికి టికెట్ లేదు. బొమ్మలు చూపించే కేరళ ఆవిడ హిందీలో చెప్పుకొచ్చింది. అప్పట్లో చిత్రకళ బడుల్లో ఆడవాళ్లను చేర్చుకునేవారు కాదట. ఈమె ఒక చిత్రకారుడి ఇంటికి వెళ్లి నేర్చుకుని, ఆడపిల్లలకు పాఠాలు చెప్పి బతికింది. చలికాలమంతా కిటికీ దగ్గర కూర్చుని కుండీల్లోని పూల బొమ్మలు వేసేది. ఎండాకాలం మడత కుర్చీ, గొడుగు పట్టుకుని బొమ్మలు వేయడానికి కొండలకు, నదుల ఒడ్డుకు వెళ్లేది.

"మరి వంట ఎవరు చేసేవాళ్లు?" నోరు జారి అడిగేశాను.

ఆవిడ నవ్వింది. "అది ఎవరూ రాసిపెట్టలేదమ్మా. నువ్వు తప్ప ఎవరూ అడగనూ లేదు."

ఆ నవ్వుతో ధైర్యం వచ్చి, తెల్ల గులాబీల బొమ్మ చూపించి ఏ కంపెనీ తెలుపో అడిగాను.

"తెలుపెక్కడిది? వంగి చూడు."

చూశాను. రేకులున్న చోట రంగే లేదు, వట్టి కాగితం. చుట్టూ ఆకులు, నీడలు మాత్రమే వేసి పూలను వదిలేసింది. పట్టు మీద ముందు ఆకు, దాని పైన పువ్వు వేసే అలవాటు నాది. కాగితం మీదా అదే చేస్తూ వచ్చాను.

గురువారం పొద్దంతా ఆకులే వేశాను. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి మా ఆయన బల్ల మీదికి తొంగి చూశారు.

"రేపే ఇయ్యాలె గదా. పూలెప్పుడేస్తవ్?"

"దూరం జరిగి చూడుండ్రి."

రెండడుగులు వెనక్కి వేసి, ఆకుల మధ్య తెల్లగా తేలిన మల్లెలను వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టారు.

ఆమె పేరు పలకడం నాకింకా రాలేదు. పాఠాలు చెప్పి అలసిన రోజున కూడా ఆమె బొమ్మ ముందు కూర్చునేదా అని మాత్రం ఆలోచిస్తున్నాను. శుక్రవారం నేనే వెళ్లి నా బొమ్మ ఇచ్చి వచ్చాను. దోహాలో ఆమె పూలు మీరూ చూడాలనుకుంటే, అద్దాల మీద లైటు పడి ఎదురుగా సరిగ్గా కనబడదు, కాస్త పక్కకు నిలబడి చూడండి.