ముందు రాసి తర్వాత వేసినందుకు

ఉదయం 5.40కి చోడవరంలో విశాఖ బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇచ్చాడు. ఒళ్ళో చెస్ పుస్తకం. ఏళ్ళ తరబడి కిరీటం వదలని ఒక ప్రపంచ ఛాంపియన్ ఆటలూ, అతని కాలపు టోర్నమెంట్లూ అందులో ఉన్నాయి. నేర్పేవారు దొరక్క దాన్ని చూసే నేర్చుకున్నాను. అప్పట్లో చాలామంది ఎత్తును ముందు కాగితం మీద రాసి, సరిచూసుకుని, ఆ తర్వాతే పావు కదిపేవారట. నాకూ అదే అలవాటైంది.

పక్కసీట్లో వడ్డాది నుంచి వస్తున్న ఒక మామ్మ పుస్తకంలోకి తొంగి చూసింది.

"ఏటే గుంటా, పరీచ్చలా?"

"చెస్ పోటీ మామ్మా. గెలిస్తే ఉమ్మడి జిల్లా జట్టులోకి తీసుకుంటారు."

"అయితే గెలిసేసి రా. ఏటైనా తిన్నావా?"

7.50కి దిగి, ఇడ్లీ తిని, ఆటోలో హాలుకు వెళ్ళాను. హాలు చల్లగా ఉంది. మధ్యాహ్నం పులిహోర పెట్టారు. ఆడవాళ్ళ బాత్రూం గడియ పడదు.

మొదటి రెండు ఆటలూ గెలిచాను. అమ్మాయిల్లో ముందున్న ఒక్కరికే జట్టులో చోటు. మూడోదీ గెలిస్తే అది నాదే. 3.30కి నా ఎదుట నలభై దాటిన బ్యాంకు ఉద్యోగి కూర్చున్నాడు. 4.45కి అతని మంత్రి పోయింది. నేను తర్వాతి ఎత్తు రాస్తుండగా చెయ్యెత్తాడు.

"సార్, సూడండి! ఎయ్యకుండానే రాసేస్తంది."

నియమాలు చూసే ఆర్బిటర్ వచ్చి గడియారం ఆపాడు. ఇప్పుడు ముందు వేసి, తర్వాత రాయాలట. నాకు తెలియదు. ఆ తప్పు నాదే. కానీ మొదటిసారి హెచ్చరించి వదిలేస్తారని గోడకంటించిన కాగితంలో ఉంది.

"రెండుసార్లు సెప్పేను కదమ్మా. వినకపోతే ఏటి సేస్తాం? ఓడిపోయినట్టే" అన్నాడు ఆర్బిటర్.

ఒక్కసారీ చెప్పలేదు. ఆ రోజంతా నా బల్ల దగ్గరికే రాలేదు. పక్కబల్లల వాళ్ళకు తెలుసు. తలలు వంచుకున్నారు. ఆర్బిటర్ ఫలితం కాగితం నా ముందుకు తోసి, "సంతకం ఎట్టమ్మా, నీ బస్సుకి లేటైపోద్ది" అని నవ్వాడు.

6.15 బస్సులో అనకాపల్లి దాకా నిలబడే ఉన్నాను.

"ఏటమ్మా, ఒంట్లో బాగోలేదా?" అన్నాడు కండక్టర్.

"అబద్ధం చెప్పేడండీ ఆ ఆర్బిటర్! నాకు ఒక్కసారీ చెప్పలేదు!"

ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

"మరా మాట ఆడి మొకం మీదే అడగాల్సింది కదమ్మా."

అడగాల్సింది. ఈ పోటీకి వెళ్ళేవారికి చెబుతున్నాను: ముందు వెయ్యండి, తర్వాత రాయండి. చెయ్యని హెచ్చరిక చేశామంటే ఫలితం కాగితం మీద సంతకం పెట్టకండి. నేను పెట్టాను. గుండ్రటి అక్షరాలతో, ఇంటిపేరుతో సహా.