మొదట గమనించినవారు

ఆఫీసులో ఆయన్ని అందరూ ‘అనుమానంగారు’ అనేవారు. మరి ఉద్యోగమే అలాంటిది! మందు వేసుకున్నాక ఎవరికైనా ఒంట్లో తేడా చేస్తే, తప్పు మందుదో కాదో తేల్చే ఫారం ఆయన బల్ల మీదికే వచ్చేది. మందు ముందా, దద్దుర్లు ముందా? మందు ఆపాక తగ్గాయా? ఇరవై రెండేళ్లుగా ఇవే ప్రశ్నలు. భార్య పోయి రెండేళ్లు కావడంతో, సాయంత్రం ఇంటికెళ్లాక ఏ ప్రశ్న అడగడానికీ మనిషి లేదు.

ఒకరోజు ఒకావిడ ఫోన్ చేసింది.

“మా ఆయనకి ఈ బీపీ బిళ్ళ మొదలెట్టిన దగ్గర్నుంచీ పొడి దగ్గండీ. అడిగితే నాకేం దగ్గు లేదంటాడు! వినేది నేను కదా!”

రాసుకుంటూనే ఈయన ఖళ్లుమని దగ్గాడు.

“మీరూ అదే మింగుతున్నారా ఏంటి?” అని నవ్విందావిడ.

అదే బిళ్ళ. ఎనిమిది నెలల నుంచి. దగ్గు ఫైళ్ల దుమ్ము వల్ల అనుకున్నాడు మహానుభావుడు! దీపం కింద చీకటంటే ఇదే.

డాక్టరు బిళ్ళ మార్చాడు. ఈయన తన పేరు మీదే ఓ ఫారం తీసి నింపుతూ ‘మొదట గమనించినవారు’ అన్న గడి దగ్గర ఆగిపోయాడు. అందరి ఫారాల్లో అక్కడ భార్య, కూతురు, అత్తగారు అని ఉంటుంది. తన భార్యే ఉండి ఉంటే మూడో రోజుకే తగువు పెట్టుకునేది. ‘ఫోన్లో ఎవరో ఒకావిడ’ అని రాస్తే నవ్విపోతారు. ‘ఎవరూ లేరు’ అని రాయడానికి చెయ్యి రాలేదు. ఏడుపొచ్చింది. ఫారం సొరుగులో పడేశాడు.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం పొద్దున తలుపు దబదబా మోగింది. పక్క వాటా ముసలావిడ, కర్ర పట్టుకుని రొప్పుతోంది. ఇన్నేళ్లలో మెట్ల మీద నమస్కారమే తప్ప వాళ్లిద్దరికీ మాటల్లేవు.

“బాగానే ఉన్నావా నాయనా?”

“బాగానే ఉన్నానండీ. ఏమైంది?”

“నాలుగు రోజులైంది నీ దగ్గు వినపడక! పొద్దున్నే గోడవతల నువ్వు దగ్గితేనే నేను లేచేదాన్ని. ఇవాళా లేకపోయేసరికి నా గుండె జారిపోయిందనుకో.”

“ఎప్పట్నుంచి వింటున్నారు పిన్నిగారూ?”

“మా ఇంటికి రంగులేయించిన వారం నుంచీ. రంగు వాసన పడలేదేమో అనుకున్నా.”

రంగులు వేసింది ఆయన బిళ్ళ మొదలుపెట్టిన మరుసటి వారమే. లెక్క సరిపోయింది. కుర్చీ మీది బట్టలు తీసి, ఆవిణ్ణి కూర్చోబెట్టాడు.

మర్నాడు సొరుగులోంచి ఫారం తీశాడు. మందు వల్లేనా అన్నచోట, నిబంధన ప్రకారం, ‘బహుశా’ అని రాశాడు. ఆ పై గడిలో మాత్రం ఏ అనుమానమూ లేకుండా రాశాడు: పక్క వాటా పిన్నిగారు.