ఐస్ గడ్డలు తెచ్చిన ఆదివారం

స్కూటర్ ఎక్కి కూర్చున్న మావారు కిక్ కొట్టకుండా చేతిలో తాళాన్నే చూస్తూ ఉండిపోయారు. ఆదివారం పొద్దున తొమ్మిదయింది. చికెన్ తేవడానికి బయలుదేరిన మనిషి. "ఏమైంది?" అన్నాను.

"ఏం లేదు, చెయ్యి బరువుగా ఉండాది" అన్నారు. చొక్కా చెమటకు తడిసి వీపుకు అతుక్కుపోయింది. నాకు భయం వేసింది అప్పుడే.

ఆయనకు ముప్పై ఆరేళ్ళు. బెంగళూరు పీణ్యలో ఒక మెషిన్ షాపులో సూపర్‌వైజర్. బీపీ లేదు, షుగర్ లేదు. స్కూటర్ మీదే పోదామన్నారు, నేను ఒప్పుకోలేదు. ఆరేళ్ళ కావ్యనూ మూడేళ్ళ చిన్నోణ్ణీ అత్తమ్మ దగ్గర వదిలి ఆటో ఎక్కాం. "స్కూటర్ బయటే ఉండాది, లోపల పెట్టాల్సింది" అని దారిలో రెండుసార్లు అన్నారు.

ఆస్పత్రిలో ఈసీజీ తీస్తుండగానే కళ్ళు తేలేశారు. నన్ను బయటికి పంపారు. తలుపు సందులోంచి ఎవరో ఆయన ఛాతీ మీద రెండు చేతులతో నొక్కుతూ కనిపించారు.

"కార్డియాక్ అరెస్ట్ అయింది. షాక్ ఇచ్చాం, గుండె మళ్ళీ కొట్టుకుంటోంది. కానీ పన్నెండు నిమిషాలు పట్టింది" అన్నారు డాక్టరమ్మ. స్టెంట్ వేశారు. గుండె నిలబడింది, మనిషికి మాత్రం స్పృహ రాలేదు.

"ఇప్పుడు మా వర్రీ అంతా బ్రెయిన్ గురించేనమ్మా. మామూలుగా ముప్పై ఏడు డిగ్రీలుండే ఒంటి టెంపరేచర్‌ను ముప్పై మూడుకు దించి ఇరవై నాలుగు గంటలు అలాగే ఉంచుతాం. చల్లగా ఉంటే బ్రెయిన్‌కు దెబ్బ తగ్గొచ్చు. తర్వాత చాలా స్లోగా వేడి చేస్తాం. లేస్తారని గ్యారంటీ ఇవ్వలేను" అన్నారామె. ఆ ఆస్పత్రికి అది కొత్త పద్ధతి. అప్పటిదాకా కొద్దిమందికే చేశారట.

అప్పటికే మావారి అన్న, మా బావగారు పరుగున వచ్చేశారు. "ఒళ్ళు చల్లబడకుండా చూడాల్సినోళ్ళు వీళ్ళే చల్లబెడతారంటనా? వద్దమ్మా, సంతకం పెట్టొద్దు" అన్నారు. వేరే దారి ఏముందని అడిగాను. నేను సంతకం పెట్టాను. బావగారు దూరంగా పోయి కూర్చున్నారు.

మధ్యాహ్నం నర్సు బయటికి వచ్చింది. గుంటూరు వైపు అమ్మాయి. "ఐస్ చాలట్లేదక్కా. బయటి నుంచి ఎవరైనా తేగలరా?" అని అడిగింది. బావగారు లగేజీ ఆటో తోలుతారు. వెంటనే లేచి వెళ్ళారు.

ఐస్ డిపోలో జరిగింది తర్వాత ఆయనే చెప్పారు. డిపో అతను "ఎవరప్పా పోయింది? బాడీ ఎక్కడుండాది?" అని అడిగాడట.

"పోలేదప్పా! బతికుండేవానికే!" అని బావగారు అరిచారట.

అతను తల గోక్కుని, "బతికుండేవానికా? అట్లయితే ఇంకో గడ్డ తీస్కపో" అన్నాడట.

ఇది చెబుతూ బావగారు నవ్వారు, వెంటనే మొహం పక్కకు తిప్పుకున్నారు.

ఐసీయూలో మావారి మెడ పక్కన, చంకల్లో, తొడల మధ్య ఐస్ ప్యాకులు పెట్టారు. వెంటిలేటర్ నడుస్తోంది. వణుకు రాకుండా మందు ఇచ్చారు. చెయ్యి పట్టుకుంటే ఇనుప గొట్టం పట్టుకున్నట్టుంది. మానిటర్ మీద గీత కదలడం చూస్తేనే నమ్మకం.

సాయంత్రం స్నానానికి ఇంటికి వెళ్ళాను. "నాన్న నిద్రపోతున్నాడు" అని పిల్లలకు చెప్పాను.

కావ్య నా కొంగు పట్టుకుంది. "నాన్నను ఎప్పుడు చూపిస్తారు? తాతను చూపించారు కదా" అంది.

మధ్యాహ్నం ఐస్ తెస్తూ బావగారు గోనెసంచుల కోసం మా ఇంటి దగ్గర ఆగారట. ఆటోలో ఐస్ గడ్డలు కావ్య చూసింది. ఏడాది క్రితం మామగారు పోయినప్పుడు, చుట్టాలు వచ్చేదాకా ఆయన్ని ఐస్ గడ్డల మీదే ఉంచాం. అప్పుడు కూడా "తాత నిద్రపోతున్నాడు" అని దానికి చెప్పింది నేనే.

దాన్ని కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "నాన్న చనిపోలేదు. డాక్టర్లు కావాలనే చల్లగా ఉంచారు. రేపు మెల్లగా వేడి చేస్తారు. లేస్తాడో లేదో నాకూ తెలీదు. తెలిసినప్పుడు అందరికంటే ముందు నీకే చెప్తాను."

మర్నాడు వేడి చేయడం మొదలుపెట్టారు. ఒళ్ళు మామూలు వేడికి వచ్చింది, కళ్ళు మాత్రం తెరవలేదు. తర్వాత జ్వరం, ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్. "తొందరపడి ఏమీ చెప్పను, వెయిట్ చేద్దాం" అనేవారు డాక్టరమ్మ. కావ్య రోజూ నా మొహం చూసేది, అడిగేది కాదు. ఐదో రోజు, వేళ్ళు కదపమంటే కదిపారు. ఏడో రోజు వెంటిలేటర్ గొట్టం తీశారు. బొంగురు గొంతుతో ఆయన మొదట అడిగింది, "స్కూటర్ లోపల పెట్టినారా?"

పెట్టామన్నాను. ఐదు నిమిషాలకు మళ్ళీ అదే. ఎనిమిదోసారికి నాకు ఏడుపు ఆగలేదు. "అడగనివ్వండక్కా, అడుగుతున్నారంటే మంచిదే" అంది నర్సు.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. పిల్లలు పడుకున్నాక రాస్తున్నాను. ఆయన పనికి వెళ్తున్నారు, షిఫ్టులు లేని పని ఇచ్చారు. ఆ వారం ఆయనకు అసలు గుర్తులేదు. కొత్త పేర్లు నిలవవు, జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకుంటారు. చిరాకు పడతారు, ఒక్కోసారి నేనూ పడతాను.

మీవాళ్ళు ఐసీయూలో ఉన్నప్పుడు ఇంట్లో పిల్లలకు "నిద్రపోతున్నాడు" అని చెప్పకండి. తెలిసింది చెప్పండి, తెలియనిది తెలియదని చెప్పండి. వాళ్ళు చూడనే చూస్తారు, మనం చెప్పకపోతే ఒంటరిగా భయపడతారు.

ఆయన మాట్లాడిన మరుసటి రోజు పొద్దున, అత్తమ్మకు కూడా చెప్పకముందే కావ్యను లేపాను. చిన్నోడూ లేచొచ్చి ఒళ్ళో కూర్చున్నాడు. ఇద్దరికీ చెప్పాను: "నాన్న లేచాడు. స్కూటర్ లోపల పెట్టినారా అని అడిగాడు. ఇంటికొచ్చాక మిమ్మల్నీ అడుగుతాడు, మళ్ళీ మళ్ళీ అడుగుతాడు. నవ్వకూడదు. ఎన్నిసార్లు అడిగినా, 'పెట్టినాం నాన్నా' అని చెప్పాలి."