నేను మార్చి చెప్పిన ముగింపు

పోయిన ఆదివారం కర్నూలులో మా పెద్దకొడుకు ఇంట్లో భోజనాలయ్యాక, తొమ్మిదో తరగతి చదివే మనవరాలు నా పక్కన చాప మీద బోర్లా పడుకొని ఫోనులో ఏదో వెతుక్కుంటూ ఉంది. ఏమే అది అని అడిగితే, తన వయసెంతో, ఎలాంటి కథలు ఇష్టమో చెబితే చాలు, చదవదగ్గ పుస్తకాలు పది ఏరి ఫోనే చూపిస్తుందని చెప్పి, అట్టల బొమ్మలు ఒక్కొక్కటే జరిపి చూపించింది. బాగున్నాయి, రంగురంగులుగా ఉన్నాయి. చివరికి నవ్వుతూ, “అవ్వా, నువ్వు లైబ్రరీలో పని చేసినావంట గదా, ఈ పదిట్లో ఏది చదవాల్నో నువ్వు చెప్పు” అంది. తమాషాకే అడిగింది పాపం. నేను మాత్రం కళ్ళద్దాలు లేవు, కనబడడం లేదని తప్పించుకున్నాను. కళ్ళద్దాలు నా ఒళ్ళోనే ఉన్నాయి.

లైబ్రరీలో పని అంటే పుస్తకాలు రాసిచ్చే పని కాదు. మా ఆయన పోయిన తర్వాత, కోసిగి దగ్గర మా ఊళ్ళో ఉన్న చిన్న లైబ్రరీని ఊడ్చి తుడిచి, కుండలో మంచినీళ్ళు నింపిపెట్టే పని దొరికింది నాకు. ఐదో తరగతితో ఆగిన చదువు. వేలు పెట్టి కూడబలుక్కుంటే తప్ప ఒక వాక్యం ముగిసేది కాదు. లైబ్రరీ సారు ఆదోని నుంచి రోజూ రైల్లో కోసిగి దాకా వచ్చి, అక్కణ్ణుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు. రైలు ఆలస్యమైతే తలుపులు తెరవడమూ, వచ్చినవాళ్ళకు బీరువాలు తీసి చూపడమూ నా పనే అయ్యేది. అలాంటి లైబ్రరీలు చూసినవాళ్ళకు నేను చెప్పనక్కర లేదు. రెండు గదులు, ఒక పొడుగాటి బల్ల, పేపరు కోసం కాచుకొని కూర్చునే నలుగురు ముసలివాళ్ళు, బీరువా తెరవగానే ముక్కుకు తగిలే పాత జిగురు వాసన.

బీరువాలు నాలుగుంటే ఒకదాంట్లో బొమ్మల కథలు, మిగిలిన మూడింట్లో పెద్దవాళ్ళ నవలలు ఉండేవి. ఎనిమిదీ తొమ్మిదీ పదీ చదివే ఆడపిల్లలు వచ్చి ఈ బీరువాకూ ఆ బీరువాకూ మధ్యన నిలబడిపోయేవాళ్ళు. కుందేలు కథలంటే సిగ్గు, నవలలంటే ఇంట్లో భయం. ఆ వయసు పిల్లల కోసమని రాసిన పుస్తకాలు వెతికితే పది పన్నెండు దొరికేవేమో. ఎక్కడెక్కడి దేశాల నుంచో తెలుగులోకి వచ్చినవి, గట్టి అట్టలు, నున్నటి కాగితాలు. మన తరం వాళ్ళలో చాలామంది చేతుల్లోకి అలాంటివి ఒకటో రెండో వచ్చే ఉంటాయి. ఆ పిల్లలు వాటికేసి చూసేవాళ్ళు కూడా కాదు, లోపలి పేర్లు నోరు తిరగవని.

అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. బాగా చదివే పిల్ల ఎవరైనా వస్తే, పక్కన కూర్చొని ఆ పుస్తకాన్ని నాకు గట్టిగా చదివి వినిపించమనేదాన్ని. ఒకసారి విన్నది నాకు పోదు, అదొక్కటే దేవుడు నాకిచ్చింది. ఆ తర్వాత ఇంకో పిల్ల వచ్చి మంచి పుస్తకం చెప్పు పెద్దమ్మా అంటే, ఆ కథనే మా ఊరి మాటల్లో సగం దాకా చెప్పి, గట్టి చోట చూసి ఆపేసేదాన్ని. ఆపి, చీపురు అందుకొని లేచిపోయేదాన్ని. ఆ తర్వాతేమైందని వాళ్ళు కొంగు పట్టుకొని వెంటపడితే బీరువా చూపించేదాన్ని. సారు చూసి నవ్వి, “నా ఉద్యోగం నీకిచ్చి నేను ఊడ్చుకుంటే సరిపోతాదేమోమ్మా” అనేవాడు.

అందరికంటే ఎక్కువగా కొంగు పట్టుకున్నది మా చెల్లెలి కూతురు. నా ఇంటికి నాలుగిళ్ళ అవతలే వాళ్ళ ఇల్లు. పదో తరగతి చదువుతోంది, బక్కపలచటి పిల్ల, పుస్తకం చదువుతుంటే పెదవులు కదిలేవి. ఆ ఏడు వానలు పడలేదు. మా వైపు ఇది కొత్త సంగతేమీ కాదు, చేలు ఎండితే సుగ్గికి పోతారు. సుగ్గి అంటే ఊరు విడిచి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయే వలస. ఇళ్ళకు తాళాలు వేసి, గిన్నెలూ పిల్లలూ కోళ్ళూ అన్నీ లారీకెత్తుకొని పోతే మళ్ళీ ఉగాది దాకా రారు. పదో తరగతి పరీక్షలు ఆ మధ్యలోనే అయిపోతాయి.

చెల్లెలు ఒకనాడు పొద్దున్నే లైబ్రరీకి వచ్చింది. సారు ఇంకా రాలేదు. గడప లోపలికి కూడా రాకుండా అక్కడే కూలబడి మొదలుపెట్టింది.

“అక్కా, సోమారం లారీ వస్తాండాది. ఈ పిల్ల రానంటాండాది. పెద్దమ్మ కాడ ఉండి పరీచ్చ రాస్తాదంట.”

“రాయనీలేమే, నా కాడ ఉంటే నాకేమన్నా బరువా?” అన్నాను.

“నీకేం బరువు! మీ మరిది నడుము పట్టేసి వంగల్యాడు. నేనొక్కదాన్నే ఏం కోస్తా? మనిషికింతని ఒప్పుకొని వచ్చినాం కూలి మేస్త్రీ కాడ. నీ మాటైతే వింటాది. ఈ పుస్తకాల పిచ్చి పెట్టింది నువ్వే గదా, నువ్వే తియ్యి.”

అది ఎగతాళిగా అన్నదే గాని కళ్ళు మాత్రం నిండి ఉన్నాయి. మరిది గోడ పట్టుకొని నడవడం నేనూ చూస్తూనే ఉన్నాను. సరేలే అన్నాను. ఏం సరే అన్నానో అప్పటికి నాకే తెలియదు.

అప్పుడు ఆ పిల్లకు నేను సగం చెప్పి ఆపిన కథ ఒకటుంది. ఎక్కడో పెద్ద నది ఉన్న దేశం. పడవ నడిపేవాడి కూతురు, మా పిల్ల ఈడుదే. తండ్రి కాలు విరిగితే తెడ్డు ఆమె చేతికి వస్తుంది. బడి అవతలి గట్టున ఉంటుంది. రోజూ ఊరి పిల్లలందరినీ బడి గట్టున దించి, ఖాళీ పడవతో తను వెనక్కి వస్తుంది. నది మధ్యలో పిల్లలు పాఠాలు వల్లె వేస్తుంటే తెడ్డు వేస్తూనే అవన్నీ నేర్చుకుంటుంది. ఒకరోజు అవతలి గట్టున పంతులమ్మ నిలబడి, నువ్వు దిగవా అని అడుగుతుంది. నేను ఆపింది అక్కడ. పడవ అంటే మా పిల్లలకు తెలియదు. మంత్రాలయం దగ్గర తుంగభద్రలో తిరిగే గుండ్రటి పుట్టి లాంటిదే గాని పొడుగ్గా ఉంటుందని చెప్పుకోవలసి వచ్చింది.

ఆ పుస్తకం అసలు ముగింపు నాకు బాగా తెలుసు. పిల్ల పడవను బడి గట్టునే కట్టేసి దిగిపోతుంది. ఇవతలి గట్టు వాళ్ళు రెండు రోజులు కేకలు పెడతారు, తిడతారు. మూడో రోజు నుంచి ఊళ్ళో వాళ్ళే వంతులు వేసుకొని పడవ నడుపుకుంటారు. తండ్రి ఏమీ అనడు, ఆమె తెచ్చిన పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకొని తిరగేస్తూ కూర్చుంటాడు.

ఆదివారం సాయంత్రం ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. రేపు నేను లారీ ఎక్కను పెద్దమ్మా, ఈడనే ఉంటా అనే మాట నోటి దాకా తెచ్చుకొని వచ్చినట్టు ముఖంలోనే తెలుస్తోంది. అది నోరు తెరవకముందే నేను, ఆ పడవ పిల్ల కథ చెప్పనా అన్నాను. నా పద్ధతి ప్రకారం పుస్తకం చేతికివ్వాలి. ఇవ్వలేదు. శెనగలు ఏరుతూ, దాని ముఖం చూడకుండా చెప్పాను. పంతులమ్మ అడిగితే పడవ పిల్ల నవ్వి, నేను దిగిపోతే మా నాయనకెవరు, వీళ్ళను దాటించేదెవరు అని పడవ తిప్పుకొని వచ్చేసిందని, ముసలిదయ్యేదాకా ఊరి పిల్లలందరినీ బడికి దాటించిందని, చచ్చిపోయినప్పుడు ఊరంతా ఏడ్చిందని. ఇన్నేళ్ళు కథలు చెప్పిన నోరు కాబట్టి అబద్ధం కూడా అందంగానే వచ్చింది.

చేటలోని శెనగలను వేలితో అటూ ఇటూ జరిపింది. 

“అంతేనా పెద్దమ్మా?” 

“అంతే.”

మరుసటి రోజు పొద్దున్నే లారీ ఎక్కింది. చెల్లెలు నా చేతులు రెండూ పట్టుకొని, నీ రుణం తీర్చుకోలేనక్కా అంది. నేను తల తిప్పుకున్నాను.

ఉగాది అయిన వారానికి వచ్చారు. చేతులు మంటలెక్కి, ముఖం నల్లబడి వచ్చింది పిల్ల. నన్ను పలకరించి, నేరుగా బీరువా దగ్గరికి పోయి ఆ పుస్తకం తీసుకొని కిటికీ కింద కూర్చుంది. నా చేతిలో చీపురు ఉంది. ఊడ్చిన చోటే ఊడుస్తూ ఉన్నాను. పెదవులు కదులుతూ కదులుతూ చివరి పేజీ దగ్గర ఆగిపోయాయి. పుస్తకం మూసి, ఉన్న చోట పెట్టి, నా ముందర నుంచే బయటికి పోతూ ఒక్క మాట అంది.

“పడవ ఆ గట్టునే కట్టేసి పోయిందంట గదా పెద్దమ్మా.”

తిట్టలేదు, ఏడవలేదు. తిడితే నేను కూడా ఏదో ఒకటి అని ఉండేదాన్ని.

మళ్ళీ అది బడికి పోలేదు. పరీక్ష మళ్ళీ కట్టిస్తానని నేను ఎన్నిసార్లు చెప్పినా చూద్దాంలే పెద్దమ్మా అనేది. నా నోటి నుంచి కథ కూడా మళ్ళీ వినలేదు. పుస్తకం తీసుకుంటే ముందు చివరి పేజీలు తిరగేసి చూసుకొని, అప్పుడు మొదటి నుంచి చదివేది. ఏటా సుగ్గికి పోయేముందు నాలుగు పుస్తకాలు గుడ్డలో చుట్టి ఇచ్చేదాన్ని. పదిహేను రోజులకు మించి పుస్తకం బయట ఉండకూడదని రూలు, అవి మూడు నెలలకు మిరపకాయ ఎరుపు అంటుకొని తిరిగొచ్చేవి. అట్ట తెరిస్తే ఘాటు. సారు ఒక పుస్తకం తెరిచి వరుసగా నాలుగు తుమ్ములు తుమ్మి, “ఇదేందమ్మా, ఈ కథ శానా కారంగా ఉండాదే” అని, కార్డు మీద తేదీలు తనే సర్ది రాసుకున్నాడు. నేను చెప్పకపోయినా ఆయనకు తెలుసనుకుంటాను.

ఇప్పుడా పిల్లకు నలభై దాటాయి. పత్తికొండలో అత్తగారిల్లు, టమోటా పంట, ఇద్దరు పిల్లలు. చాలా ఏళ్ళకు, ఒకసారి వాళ్ళింటికి పోయినప్పుడు, ఇద్దరం గంపల దగ్గర కూర్చొని టమోటాలు ఏరుతుంటే ధైర్యం చేసి అడిగాను. ఆ పొద్దు నేను నిజం చెప్పి ఉంటే లారీ ఎక్కకుండా ఉండేదానివా అని. చేతిలో పండును తిప్పి చూసి, మచ్చ ఉంటే పక్కన పెట్టి, నెమ్మదిగా చెప్పింది.

“తెలీదు పెద్దమ్మా. మా నాయన నడుము చూసి యట్లైనా పోతాంటినేమో. కాకపోతే తెలిసి పోతాంటి.”

ఇంకో గంప ముందుకు లాక్కుంది.

సుగ్గికి పోయేవాళ్ళ పిల్లలను ఇప్పుడు ఊళ్ళోనే ఉంచుకొని, అన్నం పెట్టి చదివిస్తున్నారని విన్నాను; మంచిదే, అప్పుడు మాకు తట్టని వంతులు ఇప్పుడు ఎవరో వేసుకుంటున్నారు. మా లైబ్రరీ తలుపులు ఎక్కువ రోజులు మూసే ఉంటున్నాయి. పుస్తకాలు పిల్లల అరచేతుల్లోకే వస్తున్నాయి, ఎవరి ముందూ నిలబడి అడగాల్సిన పని లేదు, ఎవరూ ముగింపు దాచలేరు. నాకూ ఇన్నేళ్ళకు తెలిసింది, కథ ఎక్కడ ఆపినా సరే, మిగిలింది పిల్ల చేతికిచ్చి పక్కకు తప్పుకోవాలని. తెలిసేసరికి, మంచి పుస్తకం చెప్పు పెద్దమ్మా అని గడపలో నిలబడి అడిగే ఆడపిల్లలు లేరు.