స్పీకర్ ఫోను

ఆర్మూర్ బస్టాండ్ వెనక సందులో మా అన్నకు రేడియోలు, టేప్ రికార్డర్ల దుకాణం ఉండేది. ఇంటర్ తప్పాక నేనూ అక్కడే గల్లా దగ్గర కూర్చునేదాన్ని. ఏటా వానలు వెనకపట్టాక కంపెనీవాళ్లు డీలర్లను హైదరాబాద్ పిలిచి కొత్త సరుకు చూపించేవాళ్లు. తిరిగొచ్చి చెప్పులు విడవకముందే అన్న మొదలుపెట్టేవాడు.

"గీసారి టేపు సూస్తే నమ్మవు చెల్లె. ఒక దిక్కు అయిపోంగనే రెండో దిక్కు అదే పాడ్తది. క్యాసెట్ తీసి మల్ల పెట్టుడే లేదు."

ఒక ఏడు రెండు స్పీకర్ల సెట్టు, మరో ఏడు ఇంకేదో. తొంభైల మొదట్లో బటన్ల ఫోను తెచ్చాడు. ఒక బటన్ నొక్కితే అవతలి మాట దుకాణమంతా వినిపించేది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు గల్ఫ్ నుంచి ఫోన్లు మా దగ్గరికే వచ్చేవి. ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి ఒకేసారి వింటుంటే, ఆ ఫోను తానే కనిపెట్టినట్టు అన్న మురిసిపోయేవాడు.

వేల్పూర్ నుంచి ఒకామె ఇద్దరు ఆడపిల్లలతో నెలనెలా వచ్చేది. భర్త దుబాయిలో భవనాల పని చేసేవాడు. పసుపు తవ్వే రోజుల్లో ఒక పొద్దున, అతనితో గదిలో ఉండే మనిషి ఫోన్ చేశాడు. అన్న విని, "ఎప్పుడు?" అని మాత్రం అడిగి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె భర్త పని చేస్తూ పైనుంచి పడి చనిపోయాడట. మధ్యాహ్నం మళ్లీ చేస్తాను, ఆమెను పిలిపించండి, నేనే చెప్తాను అన్నాడట.

వేల్పూర్ వెళ్లే జీపు డ్రైవర్‌తో, ఫోను వస్తుందని మాత్రమే కబురు పెట్టాం. ఆమె చేను మీదినుంచే వచ్చింది. గోళ్ల సందుల్లో మట్టి, పసుపు. పిల్లలకు మాత్రం జడలు వేసి రిబ్బన్లు కట్టింది.

"గింత జల్ది చేస్తుండేంది అన్నా? మొన్ననే మాట్లాడె గద. వస్తున్నడేమో!"

అన్న నా ముఖం చూశాడు. ఫోను మోగింది. అన్న రిసీవర్ ఆమె చేతికిచ్చి, "గీసారి చెవుల పెట్టుకొనే ఇను చెల్లె" అన్నాడు.

"వద్దన్నా, పిల్లలు గూడ ఇంటరు," అంటూ ఆమే బటన్ నొక్కింది. చూసి చూసి నేర్చుకుంది.

అన్న చెయ్యి చాచేలోపే గొంతు వచ్చేసింది. "వదినె, ధైర్యం తెచ్చుకో. అన్న ఇగ లేడు."

ఎదురుగా చాయ్ హోటల్లో ఉన్నవాళ్లు లేచి నిలబడ్డారు. అంత స్పష్టంగా వినిపించింది. ఆమె ఏడవలేదు. "ఎవరి సంగతి చెప్తున్నవ్?" అని అడిగింది. పెద్దపిల్ల తల్లి కొంగులో ముఖం దాచుకుంది. చిన్నది ఫోను మీదికి వంగి, "బాపూ, నేను మాట్లాడ్త" అంది. అవతలి మనిషి వెక్కి వెక్కి ఏడుస్తుంటే అన్న తీగ పట్టి లాగేశాడు.

శవం రావడానికి నెల దాటింది. కాగితాల కోసం అన్న ఆమె బావతో ఆఫీసుల చుట్టూ తిరిగాడు. దుకాణంలో మళ్లీ పాత ఫోనే పెట్టాడు. మరుసటి ఏడు కంపెనీ పిలిస్తే వెళ్లాడు. కంప్యూటర్ చూపించారట. ఎట్లుందని అడిగితే, "మంచిగనే ఉన్నది" అని తిండికి కూర్చున్నాడు. కొత్త సరుకు తేవడం తగ్గిపోయింది. కొన్నేళ్లకు దుకాణం ఎత్తేశాం.

అంతకుముందే ఒకరోజు ఆ వేల్పూర్ ఆమె వచ్చి గడపలో నిలబడింది. పెద్దపిల్ల బడి మానేసిందట. "ఎవరన్న జర గట్టిగ మాట్లాడినా చెవులు మూస్కుంటుంది. దవాఖాన్ల సూపియ్యాలె. నాకు తెల్వది, తోడొస్తవా చెల్లె?"

నిజామాబాద్ తీసుకెళ్లాం. డాక్టరు చెవుల్లో లైటు వేసి చూసి, అంతా బాగానే ఉందన్నాడు. తిరుగు బస్సులో ఆ పిల్ల మా ఇద్దరి మధ్య కూర్చుంది. ఆర్మూర్ వచ్చేదాకా చెవుల మీది చేతులు తియ్యలేదు.